పొరుగు రాష్ట్రపు చలాను

ఖానాపూర్ యువకుడొకడు నిర్మల్, భైంసాల మీదుగా మోటారుసైకిలుపై నాందేడ్ వెళ్ళివచ్చెను. కొన్నాళ్ళకు అక్కడి కోర్టు సమన్లు అందినవనుకొందము. పని మానుకొని అంత దూరము పోవలసినదేనా?

అక్కరలేదు. సమన్లందుకొన్నవాడు స్వయముగా గాని, వకీలు ద్వారా గాని హాజరు కావచ్చును; లేదా వాయిదాకు ముందే నేరమొప్పుకొని, కోర్టు సూచించిన సొమ్మును మనీయార్డరు చేయవచ్చునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 208వ సెక్షను చెప్పుచున్నది. కేంద్ర ప్రభుత్వము మినహాయించిన నేరములకిది వర్తించదు. ఒప్పుకోలు మనీయార్డరు కూపను మీదనే వ్రాయవలెనట! ఇంటివారికి క్షేమసమాచారము వ్రాసికొనిన చోటు అది. సొమ్ము చేరినచో కేసు ముగియును.

2020లో నాగపూర్‌లో చలానులకై వర్చువల్ కోర్టు వెలసినది. అట్టి కోర్టులో జరిమానాను ఫోనులోనే కట్టవచ్చును; కాదని వాదింపగోరినచో కేసు మామూలు కోర్టుకు పోవును.

అయితే కట్టుట అనగా నేరమొప్పుకొనుటయే. దీనిని మన విద్యార్థులు గమనింపకున్నారు. కావున ముందుగా బండి నంబరు, తేదీ, స్థలము, ఫోటో సరిచూడవలెను. బండి నెన్నడో అమ్మినను, ఆర్.సి.లో పేరు మారనిచో చలాను పాత యజమానికే వచ్చును. అట్టివాడు తొందరపడి కట్టరాదు. అమ్మకపు కాగితము వెదకికొని, నాందేడ్ వకీలుకు వకాలత్‌నామా వ్రాసి ఈయవలెను.