శామీర్‌పేట గుండులో ఒక లెక్క

మేడ్చల్,
ఆదివారం



బిడ్డా, నువ్వు పంపిన కాగితం చూశాను. క్లోరిన్ దగ్గర పరమాణు భారం 35.45లోంచి ప్రోటాన్ల సంఖ్య 17 తీసేసి, న్యూట్రాన్లు 18.45 అని రాశావు. తీసివేత సరిగ్గానే చేశావు. కానీ కేంద్రకంలో న్యూట్రాన్ ముక్కలు ఉండవమ్మా. ఉంటే 18, లేదా 19, లేదా 20.

ఆవర్తన పట్టికలోని 35.45 ఏ ఒక్క పరమాణువు బరువూ కాదు. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో దాదాపు ముప్పావు వంతు ద్రవ్యరాశి సంఖ్య 35 ఉన్నది, మిగిలిన పావు వంతు 37 ఉన్నది. ఆ గుంపు మొత్తానికి కట్టిన సగటు అది. ఒక్కో పరమాణువును విడిగా తీసుకో: 35లో 17 పోతే 18, 37లో 17 పోతే 20. రెండింటిలోనూ ప్రోటాన్లు పదిహేడే కాబట్టి రెండూ క్లోరినే, పట్టికలో రెండింటిదీ ఒకే గడి. అందుకే వీటిని ఐసోటోపులన్నారు. 1913లో ఫ్రెడరిక్ సాడీ ఆ పేరు వాడుకలోకి తెచ్చేనాటికి న్యూట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు. 1932లో చాడ్విక్ దాన్ని కనుగొన్నాక గానీ తేడా ఎక్కడుందో తేలలేదు.

సగటును దగ్గరి పూర్ణాంకం చేసి తీసివేస్తే చాలని కొందరు నేర్పుతారు. నువ్వు ఆ దారి పట్టకు. బ్రోమిన్ 79.90. దాన్ని 80 చేసి 35 తీసేస్తే 45 వస్తుంది. ప్రకృతిలోని బ్రోమిన్‌లో ఉన్నవి 79, 81 మాత్రమే. అంటే న్యూట్రాన్లు 44 లేదా 46. అట్లా వచ్చే ఆ 45 ఉన్న పరమాణువే అందులో దొరకదు.

కాగితం వెనక నువ్వు రాసుకున్న ప్రశ్న చూసి మాత్రం నా కడుపు నిండింది. ఆర్గాన్ పరమాణు సంఖ్య 18, పొటాషియంది 19 కదా, మరి ముందున్న ఆర్గాన్ భారం 39.95, తర్వాతి పొటాషియం 39.10 ఎట్లా అయింది అని అడిగావు. ఆ జవాబు మీ శామీర్‌పేట చెరువు పక్కనే ఉంది.

అక్కడి గ్రానైట్ గుండ్లలో గులాబీ రంగు పలుకులు చూశావా? అది పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్. ఆ పొటాషియంలో నూటికి 93కు పైగా ద్రవ్యరాశి సంఖ్య 39 ఉన్నవే, వాటిలో 20 న్యూట్రాన్లు. ఏడుకు కాస్త తక్కువ 41వి, వాటిలో 22. నడుమ 21 న్యూట్రాన్లతో పొటాషియం-40 ఉంటుంది, పది లక్షల్లో 117 మాత్రమే. దానికి నిలకడ లేదు. నూటికి 89 సార్లు దానిలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి అది కాల్షియం అయిపోతుంది. మిగతా 11 సార్లు ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారుతుంది. అప్పుడు లెక్కపెట్టు: 18 ప్రోటాన్లు, 22 న్యూట్రాన్లు. అదే ఆర్గాన్-40. కోట్ల ఏళ్లుగా రాళ్లలో ఇట్లా పుట్టి, మెల్లగా బయటపడి గాలిలో కలిసింది. మనం పీల్చే గాలిలో నూటికి 0.93 పాళ్లు ఆర్గాన్, అందులో దాదాపు అంతా ఇదే. అందుకే ఆర్గాన్ సగటు 40ని ఆనుకుని ఉంది, పొటాషియం సగటు 39 దగ్గరే ఆగింది.

పొటాషియం-40 సగానికి తగ్గడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంటే ఆ బండ పుట్టాక అందులోని పొటాషియం-40 రెండుసార్లు సగమైంది. నేడు పది లక్షలకు 117 ఉన్నాయంటే, ఆనాడు 468 దాకా ఉండి ఉండాలి. ఈ లెక్క మొదటిసారి కట్టిన రోజు నేను గుండు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను.

ఇదే న్యూట్రాన్ల లెక్కకు ఇంకో చోటు కూడా ఉంది. మన జిల్లాలోనే, మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ఉంది. అణు విద్యుత్ కేంద్రాలకు యురేనియం ఇంధన కట్టలు అక్కడ తయారవుతాయి. సహజ యురేనియంలో వెయ్యికి ఏడు పరమాణువులే 235వి, తక్కినవన్నీ దాదాపు 238వి. 92 తీసేస్తే 143, 146. తేడా మూడే న్యూట్రాన్లు, కానీ నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్ తగిలితే చీలేవి ఆ ఏడే.

ఇక నీ వంతు. రాగి పరమాణు సంఖ్య 29, భారం 63.55. అందులో రెండే రకాలు. నూటికి 69 పాళ్లు 63వి. రెండోది ఏదో కనిపెట్టి, రెండింటి న్యూట్రాన్లూ రాసి పెట్టు. వచ్చే ఆదివారం చెరువు దగ్గరికి వస్తాను, కాగితం వెంట తెచ్చుకో.

మీ తాత