పాలపుంతలోకి పడుతున్న మేఘం... మీ చదువుకు చూపే దారి

1963లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఖగోళశాస్త్రం చదువుతున్న గెయిల్ స్మిత్ ఒక హైడ్రోజన్ మేఘాన్ని గుర్తించారు. ఆమె పేరుతోనే దాన్ని స్మిత్ మేఘం అంటున్నారు. సుమారు 3 కోట్ల ఏళ్లలో అది పాలపుంతను ఢీకొంటుందని అంచనా. చుట్టూ ఉన్న వేడి వాయువును చీల్చుకుంటూ వస్తున్న మేఘం ఇప్పటికే చెదిరిపోవాలి, మరి ఎలా నిలిచింది? దాన్ని పట్టి ఉంచుతున్నది అయస్కాంత క్షేత్రం కావచ్చు. అక్కడ కనీసం 8 మైక్రోగాస్‌ల క్షేత్రం ఉన్నట్టు 2013లో తేల్చారు. భూమి క్షేత్రంతో పోలిస్తే ఇది ఎన్నో వేల రెట్లు బలహీనం. అక్కడికి ఏ పరికరాన్నీ పంపలేం. మేఘం వెనక ఉన్న గెలాక్సీల రేడియో తరంగాలు దాని గుండా వచ్చేటప్పుడు వాటి ధ్రువణ తలం కాస్త తిరుగుతుంది. ఆ ఫారడే భ్రమణాన్ని అనేక పౌనఃపున్యాల్లో కొలిచి, అందులోంచి పాలపుంత సొంత వాటాను తీసేస్తేనే అసలు విలువ తెలుస్తుంది.

రేడియో ఖగోళశాస్త్రం అనే ఈ పనిలో విద్యుదయస్కాంతత్వం, యాంటెన్నాలు, సిగ్నల్ ప్రాసెసింగ్, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ అన్నీ కలుస్తాయి. అందుకే ఇది బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లకే పరిమితమైన రంగం కాదని, ఈసీఈ, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులూ ఇటు చూడాలని నా వాదన. ‘ఉద్యోగాలేవీ?’ అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. శాశ్వత పరిశోధక పోస్టులు నిజంగానే తక్కువ, దాన్ని దాచిపెట్టి ఎవరినీ ఇటు రమ్మనకూడదు. కానీ రొదలోంచి బలహీనమైన సంకేతాన్ని వేరుచేసే నేర్పు రాడార్‌కూ, ఉపగ్రహ సమాచార వ్యవస్థలకూ, డేటా సైన్స్‌కూ కావలసిందే. ‘అలాగైతే డేటా సైన్సే నేరుగా నేర్చుకోవచ్చుగా?’ అనవచ్చు. నేర్చుకోవచ్చు. అయితే సిద్ధం చేసి ఇచ్చిన డేటాతో సాధన చేసినవారికి, పరికరం చేసే తప్పునూ ప్రకృతి చెప్పే నిజాన్నీ విడదీసే అలవాటు అంత తేలిగ్గా రాదు.

ఇందుకు విదేశాలకే వెళ్లాలన్నదీ పాత మాటే. పుణె దగ్గర ఖోడద్‌లో 30 డిష్‌ల రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ ఉంది. అంతర్జాతీయ ఎస్‌కేఏ టెలిస్కోపు ప్రాజెక్టులో భాగస్వామ్యానికి భారత ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. విశ్వంలోని అయస్కాంత క్షేత్రాల అధ్యయనం ఆ టెలిస్కోపు ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఖగోళశాస్త్ర విభాగమే ఉంది. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, టీఐఎఫ్‌ఆర్ పరీక్షలు దారులు. అర్హతలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పక చదవండి. పైథాన్‌ను మాత్రం డిగ్రీ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి. జీఎంఆర్‌టీ పాత పరిశీలనల డేటా ఆర్కైవ్‌లో దొరుకుతుంది. దాంతో ఒక్క రేడియో చిత్రమైనా మీ చేత్తో తయారుచేసి చూశాకే ఈ రంగం మీకు సరిపడుతుందో లేదో నిర్ణయించుకోండి.