ఇంటి కచ్చేరికి మూడుపనుల ముద్రణయంత్రము

గత యాసంగి వడ్ల కొనుగోలు దినములలో మా సంఘమునెదుట జరిగిన యొక విషయమును మొదట చెప్పెదము. ఒక సభ్యుడు వడ్లను ఆరబోసి తూకమునకు సిద్ధపఱచి, పట్టా పాసుపుస్తకపు నకలు లేదని తెలిసి మంచిర్యాలకు బస్సెక్కెను. రెండు రూపాయల నకలు తీసికొని యాతడు వచ్చులోపల వానపడి కుప్ప తడిసెను. నకలు తీయు యంత్రము మా కచ్చేరిలో లేకపోలేదు; ఉన్నది, కాని సిరా యెండి మూలకు చేరియుండెను. ఆ యంత్రమును ఎన్నినవారము మేమే. ఆ తప్పు మఱియొకరు చేయకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఇప్పుడు కాగితములేని వ్యవసాయము లేదు. భూమి లెక్కలు 2020 అక్టోబరు 29వ తేదీన ధరణిలోనికి ఎక్కినవి. 2025 ఏప్రిల్ 14వ తేదీన దాని స్థానమున భూభారతి వచ్చినది. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక సహకార సంఘములను కంప్యూటరుతో నడుపుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. కావున సంఘ కార్యదర్శులును, ఇంటి యరుగుగదియందే చిన్న కచ్చేరి పెట్టుకొని ఊరివారి దరఖాస్తులు నింపు యువకులును, అచ్చువేయుట, నకలుతీయుట, కాగితమును బొమ్మగా కంప్యూటరునకు ఎక్కించుట అను మూడుపనులు ఒక్కటే చేయు యంత్రమును కొనుచున్నారు. మూడు యంత్రముల కంటె ఒకటి చవుక, చోటును కొంచెమే చాలును. ఒకటి చెడిన మూడును నిలిచిపోవును, ఇది మఱువరాదు.

ఎద్దును కొనునాడు మనము ధర యొక్కటే చూతుమా? అది యెంత మేత మేయునో విచారింతుము. మేము యంత్రమును కొన్ననాడు ఈ సామాన్యవిషయమును మఱచితిమి. ధర తక్కువని, చిన్న సిరాపెట్టె అనగా కార్ట్‌రిడ్జి గల దానిని కొంటిమి. అట్టి యంత్రము చవుక. దాని మేత ప్రియము. లెక్క చేయు పద్ధతి తెలియుటకై కొన్ని యంకెలు అనుకొందము. ధరలు మారుచుండును గాన కొనునాడు దుకాణములో అడిగి తిరిగి లెక్కించుకొనవలయును.

నాలుగువేల రూపాయల యంత్రమునకు 900 రూపాయల సిరాపెట్టె 180 పుటలు అచ్చువేసిన, పుటకు అయిదు రూపాయలు. పదుమూడువేల రూపాయల సిరాతొట్టి యంత్రమునకు 400 రూపాయల సీసా 4,000 పుటలు వేసిన, పుటకు పదిపైసలు. నెలకు 500 పుటలు వేయు సంఘమునకు మొదటిదానిలో 2,500 రూపాయలు, రెండవదానిలో 50 రూపాయలు సిరాకు పోవును. ఎక్కువ పెట్టిన తొమ్మిదివేలు నాలుగు నెలలలో తిరిగివచ్చును. అదే నెలకు 20 పుటలు మాత్రమే కావలసిన యింటివానికి ఆ తొమ్మిదివేలు రాబట్టుటకు ఏడేండ్లు దాటును. అట్టివాడు ఏదియు కొనక జిరాక్సు దుకాణమునకే పోవుట మేలని మా యభిప్రాయము.

మూడవజాతి లేజరు యంత్రము. దీని మూలము నకలుయంత్రమే. 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరమున చెస్టర్ కార్ల్‌సన్ అనునాతడు విద్యుదావేశముతో పొడిని కాగితమునకు అంటించి మొదటి నకలును తీసెను; ఆ పద్ధతిని అమ్మిన కంపెనీ పేరే మన నోట జిరాక్సు అయినది. లేజరు యంత్రములో ద్రవమగు సిరా యుండదు. టోనరు అను మెత్తని పొడి వేడికి కరగి కాగితమున నతుకును. అందుచేత నెలదినములు ముట్టకున్నను ఎండిపోదు, అచ్చు నీటికి కారదు. సిరాయంత్రపు టచ్చు మీద తడిచేయి పడిన అక్షరము పాకుట మీరందఱు చూచినదే. అప్పుడప్పుడు మాత్రము పనిపడువానికి, నల్లయచ్చు చాలునన్నవానికి లేజరు మంచిది. కాని పొడిని కరగించుటకు అది ఒక్కసారిగా వందల వాట్ల కరెంటు లాగును. చిన్న యింటి ఇన్వర్టరు దానిని మోయలేదు. సిరాయంత్రమునకు పది యిరువది వాట్లు చాలును గాన కరెంటు పోయినపుడును పని సాగును.

మన జిల్లా యెండను గుఱించి వేఱుగా చెప్పవలయును. ఈ యంత్రములతో వచ్చు పుస్తకమును చదివిన, 35 డిగ్రీల లోపల వాడుమని సాధారణముగా వ్రాసియుండును. మే నెలలో మంచిర్యాల, చెన్నూరు ప్రాంతముల వేడి 45 డిగ్రీలు దాటుట కలదు. రేకులకప్పు క్రింద చెప్పనేల. ఆ కాలమున సన్నని సిరారంధ్రములు ఎండి మూసికొనును. మాకు జరిగినది ఇదే. సిరాయంత్రము గలవారు ఉదయముననే పని ముగించి, పనిలేని వారములలోను ఒకటి రెండు రంగుపుటలు అచ్చువేయుచుండవలెను. కిటికీ యెదుట పెట్టరాదు. బొగ్గుదుమ్ము పడుచోట గుడ్డ కప్పవలెను. లోన బల్లి చేరి కాగితము చిక్కుకొన్న సందర్భము కూడ మాకు కలదు. వానకాలమున కాగితపుకట్టను విప్పి విడువరాదు. చెమ్మ పీల్చిన కాగితము ముడుచుకొని లోపల నిలిచిపోవును.

నకలు తీయుటకు పైన అద్దము గల యంత్రమునే కొనుడు. కట్టలను తనంత లాగికొను అమరిక సంఘము లెక్కలకు ఉపయోగమే, కాని పాసుపుస్తకము అందులో దూరదు. పాసుపుస్తకము తెఱచి పెట్టినపుడు మూత సరిగా పడక చుట్టును నల్లని అంచు వచ్చును. ఆ నలుపంతయు మన డబ్బే! పుస్తకముపై తెల్లకాగితము కప్పిన అది తగ్గును. పెట్టెమీద వ్రాసిన పుటలసంఖ్య పుటలో వందకు అయిదువంతులు మాత్రమే అక్షరము పడునని వేసిన అంచనా. ఫొటోలు గల నకళ్లకు అన్ని పుటలు రావు. క్రొత్త తొట్టియంత్రములో మొదటి సీసాలో కొంత గొట్టములు నిండుటకే పోవును. కంప్యూటరునకు ఎక్కించు కాగితమునకు అంగుళమునకు 200 మొదలు 300 చుక్కలు చాలును. అంతకు మించిన బొమ్మ బరువై పంపుట కష్టమగును.

కార్బను పెట్టి మూడుప్రతులు చేయు రసీదులకు ఈ యంత్రము లేవియు పనికిరావు. వానికి సూదులతో కొట్టు పాత డాట్‌మ్యాట్రిక్సు యంత్రమే కావలయును. అది కలిగిన సంఘములు దానిని పాతసామానుకు అమ్ముకొనవలదు.

కొనుటకు ముందు బాగుచేయువాడు ఎచ్చట నున్నాడో అడుగుడు. మంచిర్యాలలోనే యున్నాడా, కరీంనగరము పంపవలయునా, హైదరాబాదు పోవలయునా? తొట్టియంత్రములలో వ్యర్థమగు సిరాను పీల్చు మెత్త యొకటి యుండును. అది నిండిన యంత్రము నిలిచిపోవును. దానిని మనమే మార్చుకొను వీలున్న నమూనా మేలు. కొన్ని కంపెనీల సిరాపెట్టెలలో చిప్పు ఉండి, బయటి సిరాను ఒప్పుకొనదు. హామీ ఏడాది యని చెప్పినను, ఇన్ని పుటలు దాటిన చెల్లదను షరతు కలదేమో రసీదుతో సరిచూచుకొనవలెను. సిరా నింపిన తొట్టియంత్రమును మోటారుసైకిలుమీద అడ్డముగా కట్టి తేరాదు; సిరా లోపల ఒలికి యంత్రమును పాడుచేయును.

ఈ వానకాలము మేము దుకాణమునకు పోయినపుడు మా సభ్యుని పాసుపుస్తకమును, ఒక ఆధారు కార్డును వెంట తీసికొనిపోయి, అచ్చటనే నకలు తీయించి, తడివ్రేలితో రుద్ది చూచితిమి. అమ్మువాడు కొంత విసిగెను. మూడవ యంత్రము వద్ద మా మనస్సు కుదిరినది. తొట్టియంత్రమును, పాతదానిని బాగుచేయు కిరాయికి బదులు తీసికొన్న రెండు సీసాల నల్లసిరాను తెచ్చి, కచ్చేరిలో ఉత్తరపుగోడ నీడను నిలిపితిమి. సభ్యులకు పుటకు ఒక రూపాయి చొప్పున నకలు ఇచ్చుచున్నాము. కొనుగోలు దినములలో కచ్చేరి ఉదయము ఏడుగంటలకే తెఱవబడును.