ముక్కు చూసి రాయి, బిడ్డా

మిర్యాలగూడ,
ఆదివారం పొద్దున.

చిన్నీకి తాత దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మొదటిసారి సంబురంతో చదివిన, రెండోసారి గుబులుతో. మనింటి పెట్టెలో ఉన్న విమానం ఫోటోను కాలేజీ ప్రదర్శనలో పెడుతున్నవట. దాని కింద "నిజాం డబ్బుతో కొన్న స్పిట్‌ఫైర్. 1948లో సూర్యాపేట మీద దాడి చేసింది ఇదే. మా ముత్తవ్వ గుర్తుపట్టింది" అని పెద్దక్షరాలతో అట్ట రాయించినవట. నిన్న రాత్రి కోదాడ నుంచి మీ మేనత్త ఫోన్ చేసి, "పేపరోళ్లు గూడ వస్తున్నరట నాయనా" అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. అట్ట మీద మూడు మాటలున్నయి. ఒక్కటీ నిలబడదు. ప్రదర్శన మొదలయ్యేలోపు దాన్ని మార్చు.

కోపంతో రాస్తున్న అనుకోకు. పెట్టె అడుగున పడి ఉన్నదాన్ని వెలుగులోకి తెచ్చినదానివి నువ్వే. మీ నాయనకు, చిన్నాయనకు ఏనాడూ తోచలేదు. అవునుగానీ నీ దగ్గు సంగతి రాయలేదేంది? మీ అమ్మ పంపిన మిరియాల పొడి తేనెలో కలుపుకొని రాత్రిపూట తీసుకో. మరువకు.

ఇగ విమానం సంగతి. భూతద్దం పట్టి ముందు ముక్కు చూడు. స్పిట్‌ఫైర్ ముక్కు సన్నగా, పొడుగ్గా ఉంటది. లోపల చాలావాటికి మెర్లిన్ ఇంజను, పన్నెండు సిలిండర్లు రెండు వరసల్లో ఉంటయి, నీళ్లు తిరిగి చల్లబడతయి. ఆ నీళ్లను చల్లార్చే రేడియేటర్ రెక్క కింద పెట్టె లెక్క వేలాడుతుంది. మన ఫోటోలో ముక్కు డోలు మూతి లెక్క గుండ్రంగా, మొద్దుగా ఉంది. అది గాలితో చల్లబడే ఇంజను. సిలిండర్లు బండి చక్రంలో ఆకుల్లాగ చుట్టూ అమరి ఉంటయి. దాని పేరు బ్రిస్టల్ సెంటారస్, పద్దెనిమిది సిలిండర్లు. ఇగ పైలట్ కూర్చునే చోటు నీటిబుడగ లాంటి అద్దపు మూత. ముందు పంఖాకు నాలుగు రెక్కలు. నాలుగు తుపాకులు విమానం రెక్కల్లోనే దాగి ఉంటయి, గొట్టాలు బయటికి పొడుచుకురావు. ఇవన్నీ ఒక్కచోట కూడితే అది హాకర్ టెంపెస్ట్.

టెంపెస్ట్ అని తేలింది గదా అని అక్కడ ఆగొద్దు. టెంపెస్ట్ 5 అని ఇంకోటి ఉంది. 1944లో లండన్ మీదికి వచ్చిన జర్మనీ ఎగిరే బాంబులను వెంటాడి కూల్చినవాటిలో అదొకటి. దానికి ముక్కు కింద పెద్ద గడ్డం ఉంటది, రేడియేటర్ అందులోనే. మనదానికి గడ్డం లేదు. అంటే ఇది టెంపెస్ట్ 2. ఇది పోరులోకి దిగేలోపే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిపోయింది. మన దేశానికి వచ్చింది ఈ రకమే. దీని పోలికే ఉండే సీ ఫ్యూరీ అని మరొకటి ఉంది. దాని పంఖాకు ఐదు రెక్కలు, పైలట్ గూడు ఇంకా ఎత్తులో ఉంటది. పంఖా ఆగి ఉంది కాబట్టి నువ్వే లెక్కపెట్టుకో.

తర్వాత ఒంటి మీద గుర్తు చూడు. తెల్లటి గుండ్రంలో అశోక చక్రం ఉంది. స్వతంత్రం వచ్చిన కొత్తలో కొంతకాలమే ఆ గుర్తు నడిచింది. 1950లో మూడు రంగుల వలయాలు వచ్చినయి. కాబట్టి ఫోటో కాలం సుమారుగా దొరికినట్టే. రంగులను మాత్రం ఊహించకు. ఆ రోజుల్లో చాలా ఫిల్ములకు ఎరుపు కనపడేది కాదు. ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లబడేది. బర్మా యుద్ధంలో మన దిక్కు విమానాల గుర్తులోంచి ఎరుపు తీసేసిన్రు, జపాను సూర్యుడనుకొని మనోళ్లే కాలుస్తరేమోనని. అటువంటి ఫోటోలో నలుపు కనపడితే అది ఏ రంగో చెప్పాలంటే పదిసార్లు ఆలోచించాలి.

ఇంత ఎందుకు చెప్తున్ననో నీకు తెల్వాలంటే 1965 సంగతి చెప్పాలె. అప్పటికి నాకు పదిహేడేండ్లు నిండలేదు. సూర్యాపేటలో ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్న. పొద్దంతా హైపో వాసన, రాత్రి అన్నం తింటే చేతికి అదే వాసన. ఒకనాడు పల్లె నుంచి ఒకాయన నెగెటివ్ ఒకటి కవరులో పెట్టుకొని తెచ్చిండు. ఆరుగురు వరసగా నిలబడ్డ ఫోటో. సాయుధ పోరాటంలో చనిపోయిన తమ్ముడి బొమ్మ ఒక్కటే పెద్దది చేసి ఇయ్యమన్నడు. కవరు మీద "ఎడమ నుంచి రెండో మనిషి" అని రాసి ఉంది. నేను నెగెటివ్‌ను ఎన్‌లార్జర్‌లో తిరగేసి పెట్టిన. చూసుకోలేదు. ఎడమ కుడి అయింది. రెండో మనిషిని కొలిచి, పెద్దది చేసి, చట్రం కట్టి ఇచ్చిన.

వారం తర్వాత వాళ్లమ్మ వచ్చింది. చట్రాన్ని బల్ల మీద పెట్టి, "ఈయన నా కొడుకు కాదయ్యా" అన్నది. నేను కవరు మీద రాత చూపించి వాదించిన. ఇప్పటికీ నాకు బాధ ఫోటో తప్పినందుకు కాదు, ఆమెతో వాదించినందుకు. "నా కొడుక్కు పోగు తెగి చెవి తమ్మె చీలింది. ఈయనకు చెవి నిండుగుంది" అన్నది. అప్పుడు చూసిన. ఫోటోలో మగవాళ్ల చొక్కాలకు కుడి అంచు పైకి వచ్చి ఉంది, ఆడవాళ్ల రవికెలకు వచ్చినట్టు. మొత్తం తిరగబడింది. ఆ రాత్రే మళ్లీ తీసి ఇచ్చిన. ఆమె దాన్ని కొంగులో చుట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుండ బస్సెక్కింది.

అప్పటి నుంచి ఏ ఫోటో చూసినా ముందు తిరగబడిందా అని చూస్త. పాత స్పిట్‌ఫైర్ ఫోటోలకు నాది ఇదే పరీక్ష. మొదటి రకాల్లో పెద్ద రేడియేటర్ కుడి రెక్క కింద ఉంటది, ఎడమ రెక్క కింద నూనె చల్లార్చే చిన్న గొట్టం ఒక్కటే. ఫోటోలో అది అటుదిటు అయితే నెగెటివ్ తిరగేసినట్టు. 8, 9 రకాల్లో రెండు దిక్కులా సమానంగా ఉంటయి, ఆ పరీక్ష పనికిరాదు. మన ఫోటోలో తోక దిక్కు హెచ్, ఏ అని రెండు ఇంగ్లీషు అక్షరాలున్నయి చూడు. ఒక్కొక్కటిగా చూస్తే అవి తిరగబడ్డా అట్లనే ఉంటయి. వాటి వరస చూడు, పక్కన అంకెలు చూడు. నేను చూసిన, సరిగ్గనే ఉన్నయి.

నిజాం మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. నువ్వు చదివింది అబద్ధం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు విమానాల 110వ దళానికి నిజాం ఇచ్చిన డీహెచ్ 9ఏ బాంబర్ల ముక్కు మీద ఆయన పేరు రాసి ఉండేది. వాటిలో ఒకటి 1918లో జర్మనీలో దిగిపోయి, చివరికి పోలండులో తేలి, 1977లో లండన్‌లోని వైమానిక దళ మ్యూజియం చేరింది. దానికి బదులు పోలండోళ్లకు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చిన్రు. రెండో యుద్ధంలో 152వ దళానికి హైదరాబాద్ పేరు, దాని చిహ్నంలో నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండు తీరాన స్పిట్‌ఫైర్లతో కొట్లాడి, తర్వాత బర్మా దాక వచ్చింది. అక్కడి స్పిట్‌ఫైర్ 8ల మీద దూకుతున్న నల్లచిరుత బొమ్మ ఉండేది. 253వ దళానికీ హైదరాబాద్ పేరే, అది హరికేన్లు నడిపింది. అవన్నీ బ్రిటిషోళ్ల దళాలే. 1948 నాటికి నిజాం చేతిలో యుద్ధవిమాన దళమే లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో ముప్పై ఏండ్లు వెతికి నేర్చుకున్న సంగతులివి. ఆ పుస్తకాలన్నీ నీవే. వచ్చినప్పుడు తీసుకపో.

ఇగ మా అమ్మ మాట. దీన్ని జాగ్రత్తగా చదువు, తల్లీ.

1948 సెప్టెంబర్ 13 పొద్దున బెజవాడ దిక్కు నుంచి యూనియన్ సైన్యం కోదాడకు వచ్చింది, ఆ రోజే మునగాల. మర్నాడు సూర్యాపేట, పైన విమానాలు. వెనక్కి పోయే నిజాం సైన్యమోళ్లు మూసీ వంతెన పేల్చేసిన్రు. అప్పుడు నేను మా అమ్మ కడుపులో ఉన్న. ఆ పోలీసు చర్యలో మన వైమానిక దళం టెంపెస్ట్‌లను వాడిందన్నది నిజమే. కానీ ఇది ఆ టెంపెస్టే అని ఏ ఫోటో చెప్తది?

మా మేనమామ విమానాల దళంలో ఫిట్టరుగ ఉన్నప్పుడు పంపిన ఫోటో ఇది. వెనక పెన్సిల్‌తో ఉర్దూలో "హమారా జహాజ్", అంటే మా విమానం, అని రెండే ముక్కలు. స్టూడియో పెట్టినంక నేను దీన్ని పెద్దది చేసి అమ్మకు చూపించిన. ఆమె తమ్ముని ముఖం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నది. "ఆనాడు సూర్యాపేట మీదికి వచ్చినవి ఇట్లనే ఉన్నయా అమ్మా?" అని అడిగిన. "నేను తలెత్తి చూస్తేనా బిడ్డా? జొన్న చేన్ల బోర్లబడి చెవులు మూసుకున్న. నువ్వు లోపల కదులుతున్నవో లేదో, గదే చూసుకున్న" అన్నది. ఆమె చెప్పింది అంతే. పెండ్లిళ్లలో, పండుగల్లో చెప్పుకుంటూ పోయి, చూసిందన్నరు, గుర్తుపట్టిందన్నరు. ఎదురుగ కూర్చొని విని నేనూ ఒక్కసారైనా అడ్డం చెప్పలేదు. తప్పు నీది కాదు, నాది.

అట్ట మీద ఇట్ల రాయి: "హాకర్ టెంపెస్ట్ 2, రాయల్ ఇండియన్ ఎయిర్‌ఫోర్స్. సుమారు 1948-50. తీసిన ఊరు తెలియదు. వెనక ఉర్దూలో: హమారా జహాజ్." మా అమ్మ మాట పెట్టాలనిపిస్తే పక్కన వేరే కాగితం మీద, ఆమె అన్నది అన్నట్టు పెట్టు, జొన్న చేనుతో సహా. అసలు ఫోటో వెనక పెన్ను పెట్టకు. సిరా ముందుకు దిగుతది. హెచ్‌ఏ పక్కన చివరి అంకెకు మేనమామ భుజం అడ్డమొచ్చింది. అది మూడనిపిస్తది, ఎనిమిదనిపిస్తది. దాని చోటు ఖాళీగ వదిలెయ్యి.

అట్ట మార్చినంక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మేలుకొనే ఉంట.

నీ తాత