పరదేశమునుండి తిరిగివచ్చు సహోదరుడు

పాఠము: నెహెమ్యా 1, 2, 5, 13 అధ్యాయములు. తోడు వాక్యభాగము: యిర్మీయా 29:4–14.



మన మెదకు చుట్టునున్న పల్లెలలో పరదేశమునకు పోయినవాడు లేని వాడ అరుదు. పాత తరమువారు బొంబాయికి, భీవండికి, షోలాపూరుకు పోయిరి. తరువాతివారు దుబాయి, సౌదీ అరేబియా, కువైటు, ఖతారు దేశములకు పోవుచున్నారు. వెళ్లువానికొరకు ప్రార్థనచేసి సాగనంపుట మన సంఘములకు అలవాటే. అయితే తిరిగి వచ్చువానిని గూర్చి మనము అంతగా ఆలోచింపము. పెట్టెలో ఏమి తెచ్చెనని చూతుము గాని, మనస్సులో ఏమి తెచ్చెనని అడుగము. అతడు దూరదేశములో ఎండలో పనిచేయుచు తన ఊరి బావిని గూర్చి, బడిని గూర్చి, పంచాయతీని గూర్చి, రాష్ట్రమును గూర్చి ఎన్నో రాత్రులు తలపోసియుండును. ఇంటికి పోయినయెడల ఇది మార్తును, అది మార్తును అని అనుకొనియుండును. అట్టి ఆశతో వచ్చినవానిని మనము ఎట్లు చేర్చుకొందుము? ఈ నెల నెహెమ్యాను మన ముందు పెట్టుకొని ఈ సంగతి ధ్యానింతము.

1. అక్కడ నివసించుట, ఇక్కడికి ఆశపడుట

యిర్మీయా బబులోనునకు వ్రాసిన ఉత్తరము మొదట చదువవలెను. చెరలోనున్నవారు అక్కడనే యిండ్లు కట్టుకొనవలెననియు, తోటలు నాటవలెననియు, తామున్న పట్టణపు క్షేమము కోరవలెననియు ప్రవక్త చెప్పెను. అదే ఉత్తరములో డెబ్బది సంవత్సరముల తరువాత దేవుడు వారిని తిరిగి రప్పించునని వాగ్దానము కూడ ఉన్నది. ఈ రెండును ఒకదానికొకటి విరోధములు కావు. పరదేశములో నమ్మకముగా పనిచేయువాడు స్వదేశమును మరచినవాడు కాడు.

క్రీస్తునకు పూర్వము 538లో కోరెషు రాజు సెలవియ్యగా కొందరు తిరిగి వచ్చిరి, అనేకులు అక్కడనే నిలిచిరి. నిలిచినవారిని వాక్యము దూషింపదు. నెహెమ్యా అట్లు నిలిచిన కుటుంబములలోనివాడు. అతని కాలమునకు యెరూషలేము కూలి సుమారు 140 ఏండ్లు గడచెను. అతడు షూషను కోటలో రాజునకు గిన్నె అందించువాడు. జీతమునకు గాని గౌరవమునకు గాని కొదువ లేదు. అయినను సహోదరుడైన హనానీ వచ్చి గోడలు పడియున్నవని, గుమ్మములు కాలిపోయినవని చెప్పినప్పుడు అతడు కూర్చుండి యేడ్చెను.

తిరుగు ప్రయాణములన్నియు ఒక్క రీతివి కావని కూడ జ్ఞాపకముంచుకొందము. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. వారిలో అనేకులు అరకాను, అస్సాము దారులలో కాలినడకను వచ్చిరి. అక్కడ కూలిచేసి బ్రదికిన తెలుగువారు వారిలో నెందరో ఉండిరి. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా మరల అనేకులు రావలసివచ్చెను. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట ఆ రాకకు గురుతు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినప్పుడు లక్షకు పైగా భారతీయులు జోర్డాను దేశపు అమ్మాను నగరము మీదుగా విమానములలో ఇల్లు చేరిరి. వీరు కోరి వచ్చినవారు కారు, తరుమబడి వచ్చినవారు. అట్టివానిని ఏమి సంపాదించితివని అడుగుట కంటె క్రూరమైన మాట లేదు.

2. ప్రార్థన, ఆ తరువాత కాగితము

హనానీ వార్త తెచ్చినది కిస్లేవు నెలలో. నెహెమ్యా రాజుతో మాటలాడినది నీసాను నెలలో. నడుమ సుమారు నాలుగు నెలలు. ఆ నెలలన్నియు అతడు ఏమి చేసెను? ఉపవాసముండి ప్రార్థించెను. ఆ ప్రార్థనలో అతడు పెద్దలను నిందింపలేదు, అధికారులను తిట్టలేదు. తానును తన తండ్రి యింటివారును పాపము చేసితిమని ఒప్పుకొనెను. దేశమును బాగుచేయ కోరువాడు తన్నును ఆ లెక్కలో చేర్చుకొనవలెను. నేను వేరు, ఈ ఊరివారు వేరు అనుకొనువాని మాట ఎవరును వినరు.

అయితే నెహెమ్యా ప్రార్థనతోనే ఊరకుండలేదు. రాజు అడిగినప్పుడు ఎన్ని దినములు పట్టునో చెప్పెను. నది యవతలి అధికారులకు తాకీదులు అడిగెను. దూలముల కొరకు అడవి కాయు ఆసాపునకు ఉత్తరము అడిగెను. కాగితము అవిశ్వాసమునకు గురుతు అని అతడు తలంపలేదు.

ఈ మాట మనవారికి మిక్కిలి అవసరము. పరదేశములోనున్నవానికి ఓటు లేదని మన పల్లెలలో అనేకులు నేటికిని అనుకొందురు. 2010లో ప్రజా ప్రాతినిధ్య చట్టమునకు చేసిన సవరణ వలన, వేరొక దేశపు పౌరసత్వము పుచ్చుకొనని ప్రవాస భారతీయుడు తన పాస్‌పోర్టులోనున్న స్వదేశపు చిరునామాను బట్టి ఓటరుగా పేరు వ్రాయించుకొనవచ్చును. దానికి 6ఏ అను ఫారము కలదు. ఓటు వేయుటకు మాత్రము పోలింగు కేంద్రమునకు తానే వచ్చి పాస్‌పోర్టు చూపవలెను. విమానపు ఛార్జీ పెట్టుకొని ఒక్క ఓటుకై రాగల కూలివాడెవడు? గనుక హక్కు ఉన్నను చేతికందని హక్కుగానే యున్నది. అయినను ఉన్నదని తెలిసికొనుట మొదటి మెట్టు. ఊరికి వచ్చి నిలిచిపోవువాడైతే సాధారణ ఓటరుగా పేరు చేర్చించుకొనవలెను. గ్రామ పంచాయతీకి నిలువ గోరువాని పేరు ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉండవలెను, వయస్సు 21 నిండవలెను. ఈ చిన్న పని చేయక పెద్ద మాటలాడుట ఆసాపునకు ఉత్తరము లేక దూలములు కోరినట్లుండును.

3. రాత్రివేళ గోడ చుట్టును

యెరూషలేము చేరిన నెహెమ్యా మూడు దినములు ఊరకుండెను. తరువాత రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని లోయ ద్వారము గుండ బయలుదేరి కూలిన గోడలను చూచెను. ఒకచోట అతని వాహనము పోవుటకు దారి కూడ లేకపోయెను. తన హృదయములోని సంగతి అంతవరకు ఎవరితోను చెప్పలేదు. చూచిన తరువాతనే మాటలాడెను.

మన దేశ చరిత్రలో ఈ సంగతిని రెండు రాకలు విశదపరచుచున్నవి. 1913లో అమెరికాలోని పసిఫిక్ తీరమున భారతీయులు గదర్ పార్టీ స్థాపించిరి. వారిలో అధికులు పంజాబు రైతులు, కలప మిల్లుల కూలీలు. 1914లో యుద్ధము రాగానే, ఇదే సమయమని తలంచి వారు వేలకొలది స్వదేశమునకు బయలుదేరిరి. తాము రాగానే దేశము లేచునని నమ్మిరి. అనేకులు ఓడ దిగగానే పట్టుబడిరి. దేశములోని ప్రజలు అప్పటికి సిద్ధముగా లేరు. 1915 ఫిబ్రవరిలో తలపెట్టిన తిరుగుబాటు ముందే బయటపడెను. కర్తార్ సింగ్ శరభా అను యువకుడు అదే సంవత్సరము నవంబరులో ఉరితీయబడెను. అతనికి అప్పటికి ఇరువది యేండ్లైనను నిండలేదు.

అదే కాలములో, 1915 జనవరి 9న, గాంధీగారు దక్షిణాఫ్రికానుండి బొంబాయిలో దిగిరి. ఆయన అక్కడ గడపినది ఇంచుమించు 21 ఏండ్లు. ఒక సంవత్సరము దేశమంతయు తిరిగి చూడుమనియు, అంతవరకు రాజకీయముల గూర్చి మాటలాడవద్దనియు గోఖలేగారు ఆయనకు చెప్పిరి. ఆయన మూడవ తరగతి బండ్లలో తిరిగి జనులను చూచెను. చంపారను రైతుల పక్షమున నిలిచినది 1917లో.

గదర్ వీరుల ధైర్యమును మనము తక్కువ చేయము. ప్రాణమిచ్చినవారిని వెక్కిరించుటకు మనకు అర్హత లేదు. అయితే ఈ రెండు రాకలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నెహెమ్యా మూడు దినముల మౌనము విలువ తెలియుచున్నది. దూరమునుండి జ్ఞాపకములో చూచిన ఊరు వేరు, దగ్గరనుండి కన్నులతో చూచు ఊరు వేరు. పదేండ్లకు వచ్చినవాడు మొదటి వారమే దుబాయిలో ఇట్లుండదు అని చెప్ప మొదలుపెట్టినయెడల, ఎండకు వానకు ఇక్కడనే ఉండి ఊరిని మోసినవారి మనస్సు నొచ్చుకొనును.

4. ఎవరి యింటి యెదుట వారు

మూడవ అధ్యాయము పేర్లతో నిండియున్నదని మనము దాటిపోవుదుము. నిలిచి చదివినయెడల అది మంచి జాబితా. ప్రధానయాజకుడు కట్టెను, బంగారుపనివాడు కట్టెను, షల్లూమును అతని కుమార్తెలును కట్టిరి. అనేకులు తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమును కట్టిరి. తెకోవ ఊరి అధికులు మాత్రము మెడ వంచలేదని కూడ వ్రాయబడెను. నెహెమ్యా పరదేశమునుండి పనివారిని తేలేదు. ఉన్నవారి చేతులతోనే గోడ 52 దినములలో ముగిసెను.

మన మెదకు దేవాలయము కథ మనకు తెలియనిది కాదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి కాలమున కట్టబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవు దినములలో ఆ పని వలన ఎందరో అన్నము తినిరని మన పెద్దలు చెప్పుదురు. ఊరిలో పని దొరికినయెడల జనులు ఊరు విడువరు. తిరిగి వచ్చినవాని చేతిలో నేర్చిన పని యుండును: తాపీపని, కరెంటుపని, వెల్డింగు, యంత్రములు నడుపుట. ఆ నేర్పునకు ఊరిలో ఒక చోటు చూపుట గోడలో అతని భాగమును అతనికి చూపుట వంటిది.

5. గోడ కంటె ముందు అప్పు

గోడ లేచుచుండగా లోపల ఒక మొర లేచెను. ఐదవ అధ్యాయము చూడుడి. పొలములు కుదువపెట్టితిమి, కుమారులను కుమార్తెలను దాసత్వమునకు ఇయ్యవలసి వచ్చెను అని బీదలు ఏడ్చిరి. వడ్డీ పుచ్చుకొనినవారు వేరెవరో కారు, వారి సహోదరులే. నెహెమ్యా పెద్దలను సమాజములో గద్దించెను, పొలములు తిరిగి ఇప్పించెను. తానైతే అధిపతికి రావలసిన భత్యమును పండ్రెండు సంవత్సరములు ముట్టలేదు.

సంఘస్థులారా, మన పల్లెలలో ఈ మొర నేటికిని ఉన్నది. వీసా కొరకు ఏజెంటునకు ఇచ్చిన సొమ్ము వడ్డీకి తెచ్చినదే. పని దొరకక, జీతము రాక, ఒంటిమీది బట్టతో వచ్చినవాని యింటిముందు మొదట కనబడువాడు వడ్డీవాడు. ఆ వడ్డీవాడు మన బల్లపైనే కూర్చుండువాడైనయెడల మన ఆరాధన ఏపాటిది? శవపేటికలో వచ్చినవారి కుటుంబముల సంగతి చెప్పనక్కరలేదు. గల్ఫు దేశములలో చనిపోయినవారి కుటుంబమునకు ఐదు లక్షల రూపాయల సహాయము ఇయ్యవలెనని తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించెను. అర్హులైనవారికి దరఖాస్తు వ్రాసిపెట్టుట చదువు వచ్చిన మన యౌవనస్థుల సేవగా ఉండవలెను.

6. ఆశ నెరవేరినట్లే యుండి నెరవేరనప్పుడు

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. దానికొరకు ఊరిలో పోరాడినవారును, దూరదేశములోని కూలీల గదులలో ఫోనుపై వార్త వినుచు ప్రార్థించినవారును సంతోషించిరి. ఇక పరదేశమునకు పోనక్కరలేదని తలంచినవారు కలరు. రాష్ట్రము వచ్చినది, పోవుట మాత్రము ఆగలేదు. ఇట్టి వేళ మనస్సు రెండు గోతులలో దేనిలోనైనను పడవచ్చును: అంతయు వ్యర్థమనుట ఒకటి, అంతయు అయిపోయెననుట రెండవది.

పదుమూడవ అధ్యాయము రెండింటికిని మందు. పండ్రెండేండ్లు పాలించి నెహెమ్యా రాజునొద్దకు పోయెను. కొంతకాలమునకు మరల వచ్చి చూడగా, శత్రువైన టోబీయాకు మందిరపు గది ఇయ్యబడియుండెను, లేవీయులు జీతము లేక పొలములకు పోయియుండిరి. అతడు దుఃఖపడెను గాని విడిచిపోలేదు. సామాను బయట వేయించి, గది శుభ్రముచేయించి, మరల మొదలుపెట్టెను. గోడ 52 దినములలో లేచును, జనులు లేచుటకు ఆయుష్కాలము పట్టును.

మన తెలుగువారిలో కనిగిరివాడైన దరిశి చెంచయ్యగారి జీవితము ఇట్టిదే. 1912లో చదువు నిమిత్తము అమెరికాకు పోయి, అక్కడ గదర్ పార్టీలో చేరి, స్వదేశ స్వాతంత్ర్యము కొరకు తిరుగుముఖము పట్టి, సయాములో పట్టుబడి, చెరసాలలలో ఏండ్లు గడపెను. అనుకొన్నది జరుగలేదు. విడుదలయైన తరువాత ఆయన కూలబడక సంఘ సంస్కరణకు పూనుకొనెను. తన కథను నేను - నా దేశం అను గ్రంథముగా వ్రాసెను. ఒక ద్వారము మూయబడినప్పుడు ఇంకొక గుమ్మమునొద్ద పనికి నిలుచుట దేవుని బిడ్డలు కూడ నేర్వదగిన సంగతి.

7. మన సంఘములు చేయదగిన పనులు

తిరిగి వచ్చినవాని యింటికి మొదటి వారములోనే పెద్దలు పోయి, లెక్కలడుగక, అతనితో కూర్చుండి ప్రార్థింపవలెను. అతడు మాటలాడ సిద్ధపడినప్పుడు వినవలెను. అప్పు సంగతి తెలిసినయెడల, సంఘస్థులలో వడ్డీ పుచ్చుకొనువానితో పాస్టరుగారు నెమ్మదిగాను నిర్భయముగాను మాటలాడవలెను. పంచాయతీలో సేవచేయ గోరువానిని వెక్కిరింపక, అతని ఉద్దేశమును పరిశీలించి, మంచిదైనయెడల తోడు నిలువవలెను. వచ్చినవాడును మూడు దినములు కాదు, మూడు నెలలు ఊరిని చూచి, తన యింటి యెదుటి పనితో మొదలుపెట్టవలెను.

చర్చింపదగిన ప్రశ్నలు

1. నెహెమ్యా ప్రార్థనలో నేను, మేము అను మాటలు ఎక్కడెక్కడ వచ్చుచున్నవి? ఇతరులను నిందించు మాట ఒకటైనను కలదా?
2. మన సంఘములో ఎన్ని కుటుంబములవారు పరదేశములో ఉన్నారు? వారి పేర్లు ప్రార్థన పుస్తకములో ఉన్నవా?
3. ఐదవ అధ్యాయములోని మొర మన వాడలో ఎవరి యింట వినబడుచున్నది?
4. మన ఊరి గోడలో ఏ భాగము కూలియున్నది? దానికెదురుగానున్న యిల్లు ఎవరిది?

ప్రార్థనాంశము: దూరదేశములలో పనిచేయు మనవారి కొరకును, ఈ నెల ఇల్లు చేరువారి కొరకును, వచ్చి ఆశ చెదరియున్నవారి కొరకును, వారి అప్పులు మోయుచున్న భార్యల కొరకును, తల్లిదండ్రుల కొరకును ప్రార్థింతము.