టైపింగ్ పరీక్షలో పాసయ్యాను

మాది గాజువాక. 2023లో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. అప్పట్నుంచీ ఇంటర్వ్యూలకు తిరుగుతూనే ఉన్నాను. నాతో చదువుకున్నవాడొకడు మొన్న మెసేజ్ పెట్టాడు. ఆరు నెలలుగా బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ చేస్తున్నాడట, ఖాళీలున్నాయట. ఎప్పుడూ నన్ను ‘ఏటిరా’ అనేవాడు, ఇప్పుడు ‘హలో బ్రదర్’ అంటున్నాడు. వీడియో కాల్ చేస్తే ఎత్తడు.

ఇంటర్వ్యూ ఫోన్‌లోనే అయింది. నా కెమెరా ఆన్‌లో ఉంది, వాళ్లది లేదు. చదువు గురించి ఒక్క ప్రశ్న లేదు. టైపింగ్ స్పీడ్ చూశారు. అమెరికాలో ఉన్న పెద్దాయనతో అనుకుని అరగంట ఇంగ్లీషులో స్నేహంగా చాటింగ్ చేయమన్నారు. పెళ్లయిందా, పాస్‌పోర్టు ఉందా అని అడిగి సెలెక్టయ్యానన్నారు. జీతం 900 డాలర్లు. టూరిస్టుగా వచ్చేస్తే పర్మిట్ అక్కడ చూసుకుంటారట. ఇక్కడి ఏజెంటుకు లక్షన్నర ఇవ్వాలి. 20 వేలు కట్టాను, టికెట్ కోసమంటే పాస్‌పోర్టూ ఇచ్చాను. మిగతాదానికి అమ్మ గాజులు తాకట్టు పెడదామంటోంది. వెతుక్కుంటూ వచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకుంటావా అని నాన్న కేకలేస్తున్నారు. ప్రయాణం గురువారం. నాకెందుకో భయంగా ఉంది.

– ఒక పాఠకుడు

తమ్ముడూ, ముందు ఆ గాజులు బీరువాలో పెట్టించు.

నీ ఇంటర్వ్యూలో అబద్ధం లేనిది ఆ అరగంట చాటింగ్ ఒక్కటే. వాళ్లకు కావలసిన పని అదే. డేటా ఎంట్రీ చేసేవాడికి పరాయి దేశపు పెద్దాయనతో చనువు పెంచుకోవాల్సిన అవసరం ఏముంటుంది? ముక్కూ మొహం తెలియనివాళ్లతో నెలల తరబడి తీపి కబుర్లు చెప్పి, క్రిప్టో పెట్టుబడుల పేరుతో ఊడ్చేసే స్థావరాలు మయన్మార్, కంబోడియా, లావోస్‌లలో ఉన్నాయి. అక్కడ డిగ్రీ ఎవరికీ అక్కర్లేదు, వేళ్లు చురుగ్గా కదిలితే చాలు.

బ్యాంకాక్‌లో దిగినవాళ్లను కారెక్కించి సరిహద్దులోని మే సోట్‌కు తీసుకెళతారు. అక్కడ మొయీ నది దాటితే మయన్మార్. ఆవలి గట్టున పాస్‌పోర్టు లాక్కుంటారు, ఇంటికి పోతానంటే వేల డాలర్లు కట్టమంటారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు రెండు విడతల్లో 549 మందిని మే సోట్ మీదుగానే వెనక్కి తెచ్చాయి. అంతకుముందు, 2024 మేలో, మీ విశాఖ పోలీసులే కంబోడియాకు కుర్రాళ్లను పంపిన ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ వార్త వెతికి నాన్నగారికి చూపించు. ఆయన కోపం నీ మీద కాదులే, ఖాళీగా గడిచిపోయిన రోజుల మీద.

ఏజెంటు చెప్పిన లెక్కా తప్పే. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో నీ ఏజెంటు పేరుందేమో చూడు. టూరిస్టుగా దిగి ఉద్యోగం చేయడం థాయిలాండ్‌లో చట్టవిరుద్ధం. టికెట్ కొనడానికి పాస్‌పోర్టు వివరాలు చాలు, పుస్తకం ఇవ్వక్కర్లేదు. అది ప్రభుత్వ ఆస్తి, అట్టేపెట్టుకునే హక్కు అతనికి లేదు. నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి అడుగు. ఇవ్వకపోతే అక్కణ్ణుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కే. 20 వేల గురించి ఇవాళే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. తిరిగొస్తాయని చెప్పలేను గానీ ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. మెసేజ్‌లు ఒక్కటీ చెరిపేయకు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం ‘హలో బ్రదర్’. ఆ స్నేహితుణ్ణి అప్పుడే తిట్టుకోకు. అలాంటి చోట్ల చిక్కుకున్నవాళ్లతోనే సొంతూరి వాళ్లకు మెసేజ్‌లు పెట్టిస్తారు, ఇంకొకరిని రప్పిస్తే వదిలేస్తామంటారు. ఆ మెసేజ్ రాసింది అతనో, అతని ఫోన్ పట్టుకున్న మరొకడో మనకు తెలియదు. రేపు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లు. కొడుకు మొహం ఆఖరుసారి ఎప్పుడు చూశారో వాళ్లమ్మగారిని అడుగు. ఆ నంబరూ, మెసేజ్‌లూ ఆవిడ చేతిలో పెట్టి, పోలీసులకూ బ్యాంకాక్, యాంగోన్‌లలోని మన రాయబార కార్యాలయాలకూ రాయాల్సిన ఫిర్యాదు దగ్గర కూర్చుని నువ్వే రాసిపెట్టు.