‘బాగుంది’ తర్వాత ఏంటి? రుచికి మాటలు వెతుక్కుందాం

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా ఏ హాస్టల్ మెస్‌లో కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది: "ఇవాళ ఫుడ్ బాలేదు." వంటాయన వింటాడు, తలూపుతాడు. మర్నాడూ అదే అన్నం, అదే పప్పు. ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఏది బాలేదో, ఎలా బాలేదో మనం చెప్పలేదు కదా. అదే "అన్నం పలుకుగా ఉంది" అన్నామనుకోండి, రేపు ఇంకాసేపు ఉడకనిస్తాడు. రుచిని చెప్పే మాట సరిగ్గా పడితే పని జరుగుతుంది. అలాంటి మాటల్ని నాలుక, పళ్లు, ముక్కు అని మూడు అరల్లో సర్దుకుందాం.

నాలుక

ఉగాది పచ్చడి పుణ్యమా అని ఆరు రుచులూ మనకు తెలుసు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. వీటిలో కారం శాస్త్రం లెక్కలో రుచి కిందికి రాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్, ఒళ్లు కాలినప్పుడు స్పందించే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ సంగతి ప్రకటించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. "నోరు మండిపోతోంది" అని మన ఇళ్లలో ఎప్పటినుంచో అంటున్న మాట ఎంత కచ్చితమైనదో చూడండి!

కారానికీ ఘాటుకీ తేడా ఉంది. మిర్చి బజ్జీ నోట్లో మండుతుంది. ఆవపెట్టిన కూర ఘాటు ముక్కుకెక్కుతుంది. అలాగే నిమ్మకాయ పులుపు, దోసెపిండి పులిసింది. మొదటిది దాని గుణం, రెండోది దాని వయసు. ఇంకా పులుపెక్కని పెరుగు కమ్మగా ఉంటుంది. ఉప్పు తగ్గిన పప్పు చప్పగా ఉంటుంది. ‘టేస్ట్ లేదు’ అనేసే చోట ఇన్ని మాటలున్నాయి.

పళ్లు

అన్నానికే చూడండి: పలుకు, మెతుకు, ముద్ద, పొడిపొడి. బిర్యానీలో గింజ దేనికది విడిగా ఉండాలి. పెరుగన్నానికి అదే గింజ మెత్తగా నలగాలి. అంటే ‘మెత్తగా ఉంది’ అన్నది ఒకచోట మెచ్చుకోలు, ఇంకోచోట ఫిర్యాదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌ని ఉత్త ‘మెత్తన’ అంటే సరిపోదు. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికి, నలిగి ఒక్కటైపోవడం వల్ల అది చిక్కగా, జిగటగా సాగుతుంది.

ఇప్పుడు ‘క్రిస్పీ’ సంగతి. అప్పడం కరకరలాడుతుంది. బాగా కాలిన దోసె అంచు పెళుసుగా విరుగుతుంది. పిండిలో వెన్నో వేడి నూనో పోసి కలిపితే జంతిక గుల్లగా వస్తుంది. మూడింటికీ ‘క్రిస్పీ’ అనేస్తే, జంతిక గట్టిగా వచ్చినప్పుడు లోపం ఎక్కడుందో చెప్పడానికి మన దగ్గర మాటే ఉండదు.

ముక్కు

ఈ అర ఆరోగ్యానికి సంబంధించింది, కాబట్టి కొంచెం జాగ్రత్తగా చదవండి. "స్మెల్ వస్తోంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అల్లం వెల్లుల్లి ముద్ద సరిగ్గా వేగకపోతే పచ్చివాసన. అడుగంటితే మాడు వాసన. చేప సరిగ్గా కడగకపోతే నీచు వాసన. పాతబడ్డ బియ్యం, రవ్వ ముక్కిపోయిన వాసన వేస్తాయి. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే కమటు వాసన. మొదటిదానికి ఇంకాస్త వేయించితే చాలు. చివరి రెండింటికీ బస్తా, నూనె మార్చాల్సిందే. ఆ తేడా చెప్పగలగడం మన కడుపుకి మంచిది.

మాటలు ఎక్కడ దొరుకుతాయి?

ఈ మాటలు చాలావరకు వంటింట్లోనే పుట్టి పెరిగాయి. ఇంటర్ అయ్యాక ఇల్లు వదిలి వచ్చేటప్పుడు పచ్చడి సీసా తెచ్చుకుంటాం, మాటల్ని మాత్రం అక్కడే వదిలేస్తాం. అయితే అమీర్‌పేటలో ఒక సౌకర్యం ఉంది: ఒకే బల్ల మీద శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్ కలిసి తింటాయి. ఒకరి మజ్జిగ ఇంకొకరికి సల్ల. బెండకాయ కూరలో ఒకరికి జిగురు, ఇంకొకరికి బంక. పక్కవాళ్లని అడగండి, మాట దొరుకుతుంది.

అభ్యాసం

ఒక వారం పాటు ‘బాగుంది’, ‘బాలేదు’, ‘సూపర్’ అనే మూడు మాటలు మానేయండి. మెస్ రిజిస్టర్‌లో రాసేటప్పుడు మూడు సంగతులు రాయండి: ఏ వంటకం, ఎక్కడ తెలిసింది, ఏ మాట.

ముందు: "సాంబార్ వరస్ట్."
తర్వాత: "సాంబార్ నీళ్లగా ఉంది, పప్పు పలుకు తగులుతోంది, పొడి పచ్చివాసన పోలేదు."

రెండో వాక్యం చదివిన వంటాయనకి కోపం రాదు, పని దొరుకుతుంది. నచ్చినప్పుడు కూడా ఇలాగే రాయండి. "ఇవాళ పెరుగు కమ్మగా ఉందన్నా" అని చెప్తే, రేపు కూడా దాన్ని పులవనివ్వకుండా చూస్తాడు.